మత్తు ఎవరిస్తారు? హైదరాబాద్ క్లోరోఫాం కథ నుంచి ఇస్తాంబుల్ హెయిర్ ప్యాకేజీ దాకా

జాలరిపేట నుంచి ఇంకో ఎపిసోడ్. వెనకాల సముద్రం హోరు వినిపిస్తే ఏమనుకోకండి, మా మేడ మీదే షూట్ చేస్తున్నాను, ఇవాళ గాలి గట్టిగా ఉంది.

ముందుగా ఒక విషయం ఒప్పుకుంటాను. ప్రతి వీడియోలో టోపీ ఎందుకు పెట్టుకుంటావు అని చాలామంది అడిగారు. స్టైల్ కోసం కాదు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, నుదురు రోజురోజుకీ వెనక్కి పోతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. కెమెరా ముందుకొచ్చాక మాత్రం మొదటి వీడియోకే "బ్రో, గ్రౌండ్ ఖాళీ అవుతోంది" అని కామెంట్ వచ్చింది. నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి అద్దం ముందు చాలాసేపే నిలబడ్డాను.

పోయినేడాది ఇస్తాంబుల్ ప్యాకేజీ ఒకటి చూశాను. మూడు రాత్రులు హోటల్, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, ఎన్ని వెంట్రుకలైనా ఒకటే రేటు, నొప్పి సున్నా. అడ్వాన్స్ కట్టేద్దామని ఫోన్ తీశాను. అప్పుడు మా అప్ప ఇంట్లోనే ఉంది. అప్ప అంటే మా పెదనాన్న కూతురు, ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సు. ఫోన్ తీసుకుని మొత్తం చదివింది.

"బాగానే ఉందిరా. మత్తు ఎవరిస్తారంట?"

"జుట్టుకి మత్తేటప్పా? లోకల్ ఇంజక్షనే గదా."

"లోకలైతే మందు కాదేటి? ఎంత ఇస్తారు, ఎవరిస్తారు, మధ్యలో ఏదైనా అయితే ఎవరు చూస్తారు? అడిగినావా?"

అడగలేదు. అప్పటికప్పుడు వాట్సాప్‌లో అడిగాను. "డోంట్ వర్రీ సర్, నో పెయిన్" అని వచ్చింది, పక్కన ఒక నవ్వు బొమ్మ. మళ్లీ అడిగాను. "అవర్ టీం వెరీ ఎక్స్‌పీరియెన్స్‌డ్ సర్" అన్నారు. నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది. నా తల ఫోటోలు నాలుగు వైపుల నుంచీ అడిగినవాళ్లు, ఆ ఒక్క విషయం మాత్రం అడగలేదు. అడ్వాన్స్ కట్టలేదు.

అప్ప అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దాని వెనక పడితే, ఆ ప్రశ్న నూట డెబ్బై ఏళ్లకు పైగా పాతదని తెలిసింది. మధ్యలో ఆ కథ మన హైదరాబాద్‌కే వచ్చింది. ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

కాలి గోరు

మత్తు లేని రోజుల్లో ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకోవడం, ఒకరు కొయ్యడం. 1846 అక్టోబర్ 16న అమెరికాలో బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ వాసన పీల్పించి ఒక మనిషిని నిద్రపుచ్చాడు, సర్జన్ మెడ మీద కణితికి ఆపరేషన్ చేశాడు. ప్రపంచం అవాక్కయింది. ఏడాది తిరక్కుండా, 1847 నవంబర్‌లో, ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే డాక్టర్ క్లోరోఫాం కనిపెట్టినంత పని చేశాడు. రసాయనం అప్పటికే ఉంది. దాన్ని భోజనాల బల్ల దగ్గర స్నేహితులతో కలిసి పీల్చి, అందరూ కింద పడిపోయి లేచి, "ఇది పనికొస్తుంది" అన్నాడు. టెస్టింగ్ లేదు, డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లోకే.

మూడు నెలలు కూడా గడవలేదు. 1848 జనవరి 28. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర వింలాటన్ అనే ఊరు. హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి. కాలి గోరు తీయించుకోవాలి. అంతే. అంతకుముందు ఒక గోరు ఈథర్‌తో తీశారు, ఏం కాలేదు. ఈసారి క్లోరోఫాం. అమ్మాయి భయపడిపోయి ఏడుస్తూనే ఉంది. గుడ్డ మీద చెంచాడు మందు వేసి ముక్కు దగ్గర పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆమెకు ప్రాణం మీదకొచ్చిన జబ్బేమీ లేదు. గోరు తీయకపోయినా బతికేది. క్లోరోఫాం వల్ల పోయిన మొదటి ప్రాణంగా చరిత్రలో నమోదైంది ఒక చిన్న పనికి వెళ్లిన ఆరోగ్యమైన పిల్లది. జుట్టు, ముక్కు, పొట్ట కోసం మనం వెళ్లేది కూడా ఆరోగ్యంగా ఉండే కదా. జబ్బు మనిషికి మత్తు రిస్కు తీసుకోవడానికి ఒక కారణం ఉంటుంది. మనకు ఉండే కారణం అద్దం. కాబట్టి రిస్కు లెక్క మనకే ఇంకా గట్టిగా ఉండాలి.

హానా ఎందుకు చనిపోయింది? అప్పుడే గొడవ మొదలైంది. ఆమెను లేపడానికి నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ గొంతుకు అడ్డం పడి ఊపిరాడలేదని సింప్సన్ వాదన. ఘాటైన ఆవిరి ఒక్కసారిగా గుండెను ఆపేసిందని జాన్ స్నో వాదన. ఈ స్నో గారే 1853లో విక్టోరియా రాణి కాన్పుకి క్లోరోఫాం ఇచ్చింది. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? దీని మీద ఆధారపడే డాక్టర్ దేన్ని చూస్తూ కూర్చోవాలో తేలుతుంది. నలభై ఏళ్లయినా తేల్లేదు.

నిజాం గారి వెయ్యి పౌండ్లు

ఇక మన ఊళ్లకి వద్దాం. ఎడ్వర్డ్ లారీ అని హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే పెద్ద సర్జన్ శిష్యుడు. గురువు చెప్పింది ఒకటే: ఊపిరిని చూడు, నాడితో పని లేదు. లారీకి అది వేదం. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదు, ఊపిరి సరిగ్గా చూసుకుంటే చావే లేదు అని నమ్మాడు. 1888లో హైదరాబాద్‌లో ఒక కమిషన్ వేయించి కుక్కల మీద పరీక్షలు చేయించాడు. ఫలితం ఆయన అనుకున్నట్టే వచ్చింది: ముందు ఊపిరే ఆగింది, ఆ తర్వాతే గుండె.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది, మీ మనిషినే పంపండి, మళ్లీ చేసి చూపిస్తాం అని. 1889లో సర్ లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ ఓడెక్కి వచ్చాడు. రెండో కమిషన్ కూర్చుంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువులు. అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరికి లారీ మాటే అన్నాడు. 1890లో లాన్సెట్‌లో రిపోర్టు అచ్చయింది. ఎక్కడో ఎడిన్‌బరోలో పుట్టిన వాదనకి మన మూసీ ఒడ్డున తీర్పు వచ్చిందన్నమాట.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇక్కడ ఒక పాత జోకు గుర్తొస్తుంది. "నా మెషీన్‌లో బాగానే రన్ అవుతోంది." లారీ పరీక్షల్లో అబద్ధం లేదు. కానీ ఆయన లోతుగా మత్తిచ్చిన జంతువుల్ని చూశాడు. హానా గ్రీనర్ పరిస్థితి వేరు. మత్తు ఇంకా పైపైనే ఉంది, మనిషి భయంతో వణికిపోతోంది. ఆ కండిషన్ టెస్ట్ కేసుల్లోనే లేదు. బగ్ ఎలా దొరుకుతుంది?

దొరకడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించాడు. క్లోరోఫాం కొద్దిగా మాత్రమే ఎక్కి ఉండి, ఒంట్లోకి అడ్రినలిన్ వస్తే, గుండె లయ తప్పి గిలగిల్లాడి ఆగిపోతుంది. ఊపిరి ఆగేదాకా కూడా ఎదురు చూడదు. అడ్రినలిన్ అంటే భయపడినప్పుడు మన ఒంట్లోనే ఊరేది. ఏడుస్తున్న పిల్లకి కొద్దిగా క్లోరోఫాం ఇస్తే ఏమవుతుందో అప్పటికి అర్థమైంది. లారీ సగం కరెక్టు, సగం తప్పు. ఊపిరి చూడమన్నది నేటికీ నిజం. నాడి చూడక్కర్లేదన్నది మాత్రం ప్రాణాంతకం.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి లారీ కాదు, ఆయన విద్యార్థిని డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరి 1889లో బయటికొచ్చిన పార్సీ అమ్మాయి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో రోగులకి క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది. 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివొచ్చింది, తను చేతుల్లో పట్టుకునే మందు గురించి ఇంకా బాగా తెలుసుకోవాలని. ప్రపంచంలో మొదటి మహిళా అనస్థటిస్టు ఆవిడే అంటారు. కోసేది ఒకరు, మనిషి తల దగ్గర కూర్చుని ఊపిరి చూసేది ఇంకొకరు. ఇప్పుడు మనం "మత్తు డాక్టర్" అనే ఉద్యోగం అదే. హైదరాబాద్‌లో నూట ముప్పై ఏళ్ల కిందటే ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చుంది. మరి నా ప్యాకేజీలో ఆ కుర్చీలో ఎవరు?

నాలుగు రకాల మత్తు

క్లోరోఫాం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అందం కోసం చేసే సర్జరీల్లో వాడేవి స్థూలంగా నాలుగు.

మొదటిది లోకల్. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకైన్ చుక్కలు వేసి నొప్పి లేకుండా చేయొచ్చని చూపించాడు. తర్వాత 1943లో స్వీడన్‌లో లిడోకైన్ తయారైంది. పన్ను పీకేటప్పుడు ఇచ్చేది అదే, జుట్టు నాటేటప్పుడు ఇచ్చేదీ అదే. దానికి అడ్రినలిన్ కలుపుతారు. అవును, లెవీ కథలోని అడ్రినలినే. ఇక్కడ అది రక్తనాళాల్ని బిగించి మందును అక్కడే ఎక్కువసేపు ఉంచుతుంది. కానీ దీనికీ లిమిట్ ఉంది. అడ్రినలిన్ కలిపితే కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు అనేది పుస్తకాల్లో ఉండే లెక్క. 70 కిలోల మనిషికి 490. రెండు శాతం మందులో ఒక్కో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 24 మిల్లీలీటర్లకే గీత దగ్గరికి వచ్చేస్తాం. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఆరేడు గంటలు సాగుతుంది, మధ్యమధ్యలో మళ్లీ ఇస్తారు. ఎవరైనా లెక్క రాసుకుంటున్నారా? ఎక్కువైతే ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గింగురుమనే చప్పుడు. ఆ తర్వాత ఫిట్స్, చివరికి గుండె.

రెండోది లైపోసక్షన్ కోసం వచ్చింది, ట్యూమెసెంట్ పద్ధతి. 1980ల్లో కాలిఫోర్నియాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు లిడోకైన్‌ని బాగా పలుచన చేసి, లీటర్ల కొద్దీ కొవ్వులోకి ఎక్కించాడు. కొవ్వు దాన్ని మెల్లగా వదులుతుంది కాబట్టి కిలోకి 35 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చని 1990లో రాశాడు. మామూలు లిమిట్‌కి ఐదు రెట్లు. మత్తు నిద్ర అక్కర్లేదు కాబట్టి ఇది మంచి పద్ధతే. కానీ కిటుకు చూడండి. రక్తంలో మందు బాగా పెరిగేది టేబుల్ మీద ఉన్నప్పుడు కాదు, సుమారు పన్నెండు గంటల తర్వాత. అప్పటికి మీరు తెలియని ఊళ్లో, హోటల్ రూంలో, ఒంటరిగా పడుకుని ఉంటారు.

మూడోది సెడేషన్. "కొంచెం నిద్ర పట్టిస్తాం సార్" అంటారే, అది. ఎక్కువగా ప్రొపోఫాల్ వాడతారు, పాలలా తెల్లగా ఉంటుంది. 2009లో మైకేల్ జాక్సన్ చనిపోయింది ఇంట్లో, సరైన పరికరాలు లేకుండా ఇచ్చిన ఈ మందు వల్లే. కొంచెం నిద్రకీ, ఊపిరి ఆగిపోయే నిద్రకీ మధ్య గోడ లేదు. మెట్లు కూడా లేవు, జారుడుబల్ల. పైగా దీనికి విరుగుడు ఇంజక్షన్ లేదు. ఊపిరి ఆగితే ఎవరో ఒకరు చేత్తో ఊపిరి అందించగలగాలి, మందు దిగేదాకా.

నాలుగోది జనరల్, అంటే పూర్తి మత్తు. పేరు వింటే ఇదే భయమేస్తుంది. కానీ గొట్టం వేసి, మెషీన్ పెట్టి, మత్తు డాక్టర్ తల దగ్గరే కూర్చుంటే, చాలాసార్లు ఇది ఎవరూ చూడని "కొంచెం నిద్ర" కంటే సేఫ్. పొట్ట కింద భాగానికైతే వెన్నులో ఇచ్చే స్పైనల్ కూడా ఉంది, 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ మొదలుపెట్టింది. ఏ మత్తు గొప్పది అని కాదు. ఏ మత్తుకైనా ఆ కుర్చీలో మనిషి ఉండాలి.

ఆ కుర్చీ ఎంత మార్చిందో ఒక లెక్క చెబుతాను. అమెరికాలో పది పెద్ద ఆసుపత్రుల్లో దాదాపు ఆరు లక్షల కేసులు చూసి 1954లో బీచర్, టాడ్ అనేవాళ్లు రాశారు: సుమారు 1,560 మందిలో ఒకరి మరణంలో మత్తుకి పాత్ర ఉందని. తర్వాత 1974లో జపాన్‌లో టకువో అయోయాగి పల్స్ ఆక్సీమీటర్ సూత్రం కనిపెట్టాడు. కోవిడ్‌లో మనందరం వేలికి తగిలించుకున్నామే, అదే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పంతొమ్మిది ప్రశ్నల చెక్‌లిస్ట్ ఇచ్చింది. ఎనిమిది ఊళ్లలో పెట్టి చూస్తే, అందులో మన ఢిల్లీ కూడా ఉంది, ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కొత్త మందు ఏదీ రాలేదు. ప్రశ్నలు అడిగారు, అంతే.

ఖాళీ కడుపు ఎందుకు?

చిన్న బ్రేక్, మా ఇంటి కథ. మా బాబాయికి హెర్నియా ఆపరేషన్. తెల్లారి ఏమీ తినకు అన్నారు. ఆయన వేటకెళ్లే మనిషి, తెల్లారి టీ లేకపోతే చెయ్యి ఆడదు. గేటు పక్కనే టీ, బన్ను కానిచ్చి, ఏమీ తెలీనట్టు మంచమెక్కాడు. మత్తు డాక్టరమ్మ అడిగితే నిజం చెప్పేశాడు. ఆపరేషన్ వాయిదా. "ఒక్క బన్నుకేటి ఇంత రాద్ధాంతం" అని మామ్మ రెండ్రోజులు తిట్టింది.

బన్నుకే రాద్ధాంతం. మత్తులో గొంతు కాపలా పని మానేస్తుంది. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఆ ఆసిడ్ చంపేస్తుంది. 1946లో మెండెల్‌సన్ అనే డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు. అందుకే మామూలుగా తేలిక తిండికి ఆరు గంటలు, నీళ్లకి రెండు గంటలు. రాత్రి ఫ్లైట్‌లో తిని, పొద్దున దిగి, నేరుగా టేబుల్ ఎక్కించే ప్యాకేజీ చూస్తే బాబాయి బన్ను గుర్తు తెచ్చుకోండి.

విదేశం అంటే అసలు తేడా ఏంటి?

విదేశం అంటే చెడ్డది, ఇక్కడ మంచిది అని నేను చెప్పడం లేదు. బ్యాంకాక్‌లో, ఇస్తాంబుల్‌లో గొప్ప ఆసుపత్రులున్నాయి. ఇక్కడా ప్రమాదాలు జరిగాయి. 2016లో చెన్నైలో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఒక మెడికల్ స్టూడెంటే చనిపోయాడు. 2022లో మన నేషనల్ మెడికల్ కమిషన్ ఒక మార్గదర్శకం ఇచ్చింది: వర్క్‌షాపులో చూసో, యూట్యూబ్‌లో చూసో నేర్చుకుని ఈ పనులు చేయడానికి వీల్లేదని. వీడియోలు చేసే నాకే అది చదివి ఒళ్లు జలదరించింది. అంటే అలా చేసేవాళ్లు ఉన్నారన్నమాట.

మన "నువ్వు నాకు నచ్చావ్" ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయారు. 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని, ఊపిరి ఇబ్బంది ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. సర్జరీ వల్లే, మత్తు వల్లే అని నేను అనను. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మా హాస్టల్లో అందరూ ఒకటే అన్నారు: "అమెరికాలో కూడానా?" అవును, అమెరికాలో కూడా. సర్జరీ అయిపోయిన రోజుతో రిస్కు అయిపోదు.

విదేశంలో అసలు తేడా మూడు చోట్ల. ఒకటి భాష. మత్తుకి ముందు "మీకు అలెర్జీ ఉందా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా" అని అడిగే ప్రశ్న మీకు అర్థం కావాలి, మీ జవాబు వాళ్లకి అర్థం కావాలి. రెండు, ప్రయాణం. సర్జరీ, దూరపు విమానం, రెండూ కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి. లైపోసక్షన్ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు, ముఖానికో పొట్టకో అయితే ఏడు నుంచి పది రోజులు విమానం ఎక్కొద్దని బ్రిటన్ ఎన్‌హెచ్ఎస్ సలహా. మూడు రాత్రుల ప్యాకేజీలో ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? మూడు, తర్వాత. ఇంటికొచ్చాక జ్వరమొస్తే ఇక్కడి డాక్టరుకి చూపించడానికి మీ చేతిలో ఏ కాగితం ఉంది?

అడగాల్సినవి

మా అప్పతో కూర్చుని రాసిన ప్రశ్నలివి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. ఏ రకం మత్తు? నాకు అదే ఎందుకు?

2. ఇచ్చేది ఎవరు? పేరు, చదువు రాసి ఇవ్వండి. ఆపరేషన్ చేసేవాళ్లు కాకుండా నన్ను చూస్తూ ఉండే మనిషి ఎవరు?

3. నా బరువుకి మందు లిమిట్ ఎంత? ఎంత ఇచ్చారో రాసిన కాగితం నాకిస్తారా?

4. ఆక్సీమీటర్, బీపీ, గుండె మానిటర్, ఆక్సిజన్ ఆ గదిలోనే ఉన్నాయా? లోకల్ మందు ఎక్కువైతే ఇచ్చే లిపిడ్ ఎమల్షన్ ఉందా?

5. గుండె ఆగితే ఏ ఆసుపత్రికి, ఎన్ని నిమిషాల్లో?

6. ఆ రాత్రి నా పక్కన ఎవరుంటారు? ఎన్ని రోజుల తర్వాత విమానం?

మన వైపు నుంచి కూడా నిజం చెప్పాలి. ఆస్తమా, నిద్రలో గురక, సిగరెట్, మందు, జిమ్ పౌడర్లు, ఇంజక్షన్లు, అన్నీ. బాబాయిలా దొరికిపోయాక కాదు, ముందే.

ఈ ప్రశ్నలే ఆ ఇస్తాంబుల్ నంబర్‌కి మళ్లీ పంపాను. రెండు బ్లూ టిక్‌లు పడ్డాయి. జవాబు రాలేదు. ఇంకో రెండు చోట్లకి పంపాను, ఒకటి బ్యాంకాక్, ఒకటి మన వైజాగే. ఒకరు అన్నింటికీ వరసగా రాసిచ్చారు, ఆస్తమాకి ముందు పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు. ఎవరో చెప్పను, ఇది ప్రమోషన్ వీడియో కాదు. చేయించుకోవాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు. మామ్మ మాత్రం తేల్చేసింది: "మీ తాతకి ముప్పయ్యేళ్లకే బట్టతల, వల లాగడానికి జుట్టు ఏటికిరా?"

ఇవాళ టోపీ తీసే కూర్చున్నాను, చూశారుగా. కామెంట్ చేసుకోండి, పర్లేదు. కానీ మీ ఫ్రెండ్సులో ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ బుక్ చేసుంటే, ఈ ఎపిసోడ్ కంటే ముందు ఒక్క ప్రశ్న పంపండి: మత్తు ఎవరిస్తారంట? ఉంటాను మరి, వచ్చే వారం కలుద్దాం.